పాకెట్ మీద రాతలు, కోడి కాళ్ల మీద మచ్చలు

ప్రశ్న: నమస్కారం డాక్టరు గారూ. మాది ఒడిశాలోని రాయగడ. మా మామగారి హయాంలో పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. ఆదివారం కోడికూర వండటం ఈమధ్య మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయిపోయింది. అమ్మాయి భువనేశ్వర్‌లో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఫ్రీజ్ చేసిన చికెన్ పాకెట్లు పట్టుకొస్తుంది. వాటి మీద 'హార్మోన్లు లేవు', 'యాంటీబయాటిక్స్ లేవు', 'కేజ్ ఫ్రీ', 'ఫార్మ్ ఫ్రెష్' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మన వీధి చికెన్ సెంటర్లో కోళ్లను హింసపెడతారు, అది తినడం పాపం అంటుంది. మా అత్తగారు ఆ పాకెట్ ముట్టుకోరు. సంతలో నాటుకోడి కొనండి, లేదంటే పెరట్లో నాలుగు కోళ్లు పెంచండి అంటారు. మావారు ఇద్దరి మాటా వినరు, కళ్లముందు కోసిందే మంచిదని సెంటరుకే వెళతారు. పాకెట్ ధర చూస్తే రెట్టింపు. అది నమ్మి కొనొచ్చా? అమ్మాయి చెప్పేదాంట్లో నిజమెంత?
— ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: అమ్మా, నేను డాక్టర్ని కాను. పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మన ఊళ్లలో ఎల్.ఐ.ని కూడా డాక్టరు గారనే పిలుస్తారు కాబట్టి కానివ్వండి.

మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్న మంచిదే. పాకెట్ దగ్గరే ఆగిపోవడం పొరపాటు. మన దేశంలో పాకెట్ మీద ఏం రాయాలో చెప్పే నియమాలు బోలెడున్నాయి గానీ, లోపలి జీవి ఎలా బతికిందో, ఎలా వచ్చిందో, ఎలా చచ్చిందో రాసి తీరాలన్న నియమం ఒక్కటీ లేదు. కంపెనీవాళ్లు తమంతట తాము రాసుకున్నవే అవన్నీ. ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

జనానికి ఎక్కువ భయం హార్మోన్ల మీద. బ్రాయిలర్ కోడి 35 నుంచి 42 రోజుల్లో రెండు కిలోలు దాటేస్తుంది. ఇంత తొందరగా పెరిగిందంటే సూది పొడిచే ఉంటారని అనుకుంటాం. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కోదాన్ని పట్టుకుని రోజూ సూది వెయ్యడం ఎవరి తరం? ఆ మందు ఖర్చుకి కోడి ధరే చాలదు. మేతలో కలుపుతారేమో అంటారా, పెరుగుదల హార్మోను ప్రోటీను కాబట్టి కడుపులోకి పోగానే అరిగిపోతుంది, పని చెయ్యదు. తరాల తరబడి తొందరగా పెరిగే కోళ్లనే ఏరి ఏరి జతకట్టించారు, లెక్కగట్టిన మేత పెడుతున్నారు. జరిగింది అంతే. కాబట్టి 'హార్మోన్లు లేవు' అన్న మాట పాకెట్ కోడికి ఎంత నిజమో మీ వీధి సెంటర్ కోడికీ అంతే నిజం.

కానీ ఆ వేగమే కోడి ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు పెరిగినంత తొందరగా కాళ్లు గట్టిపడవు, గుండె అందుకోలేదు. చివరి వారంలో షెడ్డులోకి వెళ్లి చూడండి, సగం కోళ్లు కూర్చునే ఉంటాయి. మేత తొట్టి దాకా నాలుగడుగులు వేసి మళ్లీ చతికిలబడతాయి. పాకెట్‌లోదీ అదే జాతి. ఆ సంగతి మాత్రం ఎవరూ అచ్చువెయ్యరు.

ఇక 'కేజ్ ఫ్రీ'. నేతిబీరకాయలో నెయ్యెంతో కోడి మాంసం మీద ఈ మాటలో అర్థం అంత. మాంసానికి పెంచే బ్రాయిలర్లను మన దగ్గర మామూలుగా బోనుల్లో పెట్టనే పెట్టరు. షెడ్డులో ఊక పోసి నేల మీదే వదులుతారు. బోనులు గుడ్లు పెట్టే లేయర్ కోళ్లకి. పైగా ఇప్పుడు ఎక్కువ భాగం ఇంటిగ్రేషన్ పద్ధతి: పిల్లలు, మేత, మందులు కంపెనీవి, షెడ్డూ కాయకష్టమూ రైతువి, చివర్లో కేజీకి ఇంతని పెంపకం ఖర్చు లెక్కకట్టి ఇస్తారు. అందుకే పాకెట్ కోడీ సెంటర్ కోడీ చాలాసార్లు ఒకే రకం షెడ్డులో పెరిగినవై ఉంటాయి.

గుడ్ల అట్టపెట్టె మీద అదే 'కేజ్ ఫ్రీ' ఉంటే దానికి విలువుంది. వరుసల బోనుల్లో ఒక్కో పెట్టకి దక్కే చోటు మనం ఉత్తరాలు రాసుకునే ఏ-ఫోర్ కాగితమంత కూడా ఉండదు. రెక్క చాపలేదు, గుడ్డు పెట్టడానికి మరుగు వెతుక్కోలేదు, మట్టిలో పొర్లలేదు. ఐరోపా దేశాల్లో ఆ పాత రకం బోనుల్ని 2012 నుంచి నిషేధించారు. అక్కడ గుడ్డు పెంకు మీదే అంకె ముద్ర ఉంటుంది: 0 అంటే ఆర్గానిక్, 1 అంటే ఆరుబయట తిరిగిన కోడి, 2 అంటే షెడ్డులో నేల మీద పెరిగింది, 3 అంటే బోను. మన లా కమిషన్ 2017 జులైలో ఇచ్చిన 269వ నివేదికలో ఈ గొడవంతా చర్చించి, బోను గుడ్లేవో బోను లేని గుడ్లేవో తెలిసేలా రాష్ట్ర పశుసంవర్ధక శాఖ ఫారాలకు ధృవీకరణ ఇవ్వాలని చెప్పింది. మీ కిరాణా కొట్లో 30 గుడ్ల ట్రేలోంచి ఏరి ఇచ్చే గుడ్డు మీద మాత్రం ఏ ముద్రా ఉండదు. అవి చాలావరకు ఆంధ్రా వైపు నుంచి లారీల్లో వచ్చేవే. పెంకు గోధుమ రంగులో ఉంది కాబట్టి నాటుది, పచ్చసొన ముదురుగా ఉంది కాబట్టి బలం అనే లెక్కలు నమ్మకండి. పెంకు రంగు జాతిని బట్టి, సొన రంగు మేతని బట్టి వస్తాయి. మేతలో మొక్కజొన్న, బంతిపూల పొడి వేస్తే బోనులో కోడి కూడా బంగారం లాంటి సొన పెడుతుంది.

'యాంటీబయాటిక్స్ లేవు' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నిజంగా భయపడాల్సిన విషయం ఇది. ఇరుకు షెడ్డులో రోగం వస్తే ఒక్క కోడికి రాదు. అందుకని రోగం రాకముందే నీళ్లలో మందు కలిపేవాళ్లున్నారు, త్వరగా ఒళ్లు చేస్తాయని మేతలో కలిపేవాళ్లూ ఉన్నారు. ఆ అలవాటు వల్ల మందుకి లొంగని సూక్ష్మజీవులు తయారై, రేపు మనకి జ్వరం వచ్చినప్పుడు అదే మందు పని చెయ్యకుండా పోతుంది. మనుషులకి చిట్టచివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ని పశువులకీ కోళ్లకీ వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది అందుకే. మందు ఇచ్చాక కొన్ని రోజులు ఆగి, ఒంట్లోంచి పోయాకే కొయ్యాలన్న నియమం కూడా ఉంది. మందు సీసా మీద ఎన్ని రోజులో రాయకపోతే కోడి మాంసానికి కనీసం 28 రోజులు, గుడ్లకీ పాలకీ 7 రోజులు ఆగాలి. బ్రాయిలర్ ఆయుష్షే 40 రోజులు, అందులో 28 రోజులంటే మీరే లెక్క వేసుకోండి.

అందుకని పాకెట్ మీద ఏ మాట రాశాడో అక్షరం అక్షరం చదవమనండి అమ్మాయిని. 'మాంసంలో యాంటీబయాటిక్ అవశేషాలు లేవు' అంటే మందు వాడి ఉండొచ్చు, గడువు ఆగి కోశారని అర్థం. అవశేషాల పరిమితి చట్టప్రకారం అందరికీ ఉన్నదే, గొప్పేమీ కాదు. 'పుట్టినప్పటి నుంచి యాంటీబయాటిక్ ఇవ్వకుండా పెంచాం' అంటే అది వేరే మాట. దానికి షెడ్డు శుభ్రంగా ఉండాలి, కోళ్లు పలచగా ఉండాలి, ఖర్చు కూడా ఎక్కువే. అలా రాసినచోట బయటి సంస్థ ఏదైనా తనిఖీ చేసిందా, దాని పేరు పాకెట్ మీద ఉందా అని చూడాలి. పేరు లేకపోతే కంపెనీ మాటే మనకి సాక్ష్యం. ఇంకో సంగతి, పశువుల మధ్య బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: జబ్బు చేసిన కోడికి మందు ఇవ్వడం పాపం కాదు, లేబుల్ చెడిపోతుందని ఇవ్వకుండా వదిలెయ్యడం పాపం.

'ఫార్మ్ ఫ్రెష్' సంగతి చటుక్కున తేల్చేద్దాం. ప్రకటనల మీద, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 'ఫ్రెష్' అన్న మాట కడిగి, తరిగి, చల్లబరిచిన సరుకు దాకానే. నిలవ కాలం పెంచే పని చేశాక ఆ మాట వాడకూడదు. నెలల తరబడి నిలవుండేలా గడ్డకట్టించిన కోడి మీద ఫ్రెష్ ఏమిటి? ఒక్క 'ఆర్గానిక్' అన్న మాటకి మాత్రం గట్టి కట్టుబాటు ఉంది. ధృవీకరణ లేకుండా అది రాయకూడదు, రాస్తే అధికారిక ఆర్గానిక్ ముద్ర ఉండాలి. హలాల్ ముద్ర కోసిన పద్ధతి గురించి చెబుతుంది, పెంపకం గురించి కాదు.

పాకెట్ మీద నేను ముందుగా వెతికేవి ఇంకేవో కావు: గోధుమ రంగు గళ్లో గోధుమ రంగు త్రికోణం (ఇదివరకు గుండ్రటి చుక్క ఉండేది, రంగులు పోల్చుకోలేనివాళ్ల కోసం మాంసాహారానికి త్రికోణం పెట్టారు), 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ప్యాక్ చేసిన తేదీ, వాడాల్సిన గడువు, ఎంత చల్లదనంలో ఉంచాలో. ఇవన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని చట్టం. ఒడియాలోనో తెలుగులోనో రాయాలన్న పట్టింపు లేదు. మీ అత్తగారు ఆ పాకెట్‌ని నమ్మకపోవడంలో వింతేముంది, అది ఆవిడతో మాట్లాడనే లేదు. ఇక మైనస్ 18 డిగ్రీల్లో ఉంచమని రాసిన సరుకుని మీ అమ్మాయి హీరాఖండ్ రైల్లో రాత్రంతా బ్యాగులో పెట్టుకుని తెస్తోందంటే, తెల్లారి రాయగడలో దిగేసరికి అది కరిగి నీరు కారుతుంటుంది. దాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి వచ్చే ఆదివారానికి దాచకండి. మెత్తబడి ఇంకా చల్లగా ఉంటే ఆ పూటే వండెయ్యాలి. చల్లదనమే పోతే, వాసన బాగానే ఉన్నా, పారెయ్యాలి. అన్ని మంచిమాటలు రాసుకున్న పాకెట్ కన్నా అప్పుడు మీవారి సెంటర్ కోడే నయం.

ఇక మీ అత్తగారి నాటుకోడి. ఊళ్లో పెరిగిన కోడి బతికినన్నాళ్లూ కోడిలా బతుకుతుంది. గడ్డివాము కెలుకుతుంది, బూడిదలో పొర్లుతుంది, పొద్దుపోతే చూరెక్కుతుంది. దాని కష్టమంతా సంతకి బయల్దేరిన రోజు మొదలవుతుంది. కొండ మీది పల్లెల నుంచి ఆడవాళ్లు బుట్టలో తెచ్చేదాకా ఫరవాలేదు. ఆ తరవాత వ్యాపారి కొని, కాళ్లకి తాళ్లు బిగించి, పదేసి కోళ్లని బైకు హ్యాండిల్‌కి అటూ ఇటూ తలకిందులుగా వేలాడదీసి, ఎర్రటి ఎండలో పట్నానికి తోలుకొస్తాడు. మనకున్నట్టు కోడికి ఊపిరితిత్తుల్నీ పొట్టనీ విడదీసే డయాఫ్రం లేదు. తలకిందులు చేస్తే పేగుల బరువంతా ఊపిరి మీద పడుతుంది. చెమట పట్టే శరీరమూ కాదు, నోరు తెరిచి ఎగపోస్తేనే దాని ఒంటి వేడి తగ్గేది. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడుతున్న కోడి నోరు తెరుచుకుని ఉందంటే ఊపిరాడకో, వేడి తట్టుకోలేకో అని అర్థం. మనం దాన్ని చూసి 'బాగా హుషారుగా ఉంది' అని బేరమాడతాం.

సంతలో నాటు అని అమ్మేదంతా నాటు కాదు, ఇది కూడా చెప్పాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అని రంగురంగుల రకాలు తయారుచేసింది. పెరటి పెంపకానికి అవి మంచివే. అలాంటి రంగు కోళ్లని షెడ్డులో మేతపెట్టి పెంచి నాటుకోడి ధరకి అమ్మేవాళ్లున్నారు. ఒకడి దగ్గర పది కోళ్లుంటే వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. పదీ ఒకే వయసు, ఒకే బరువు ఉంటే అవి ఊళ్లో తిరిగినవి కావు. ఊరి కోళ్లలో ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకదానికి తోక ఊడి ఉంటుంది. కొన్నాక ఇంటికి తెచ్చేటప్పుడు కాళ్లు పట్టుకుని వేలాడదీయకండి. గంపలోనో, నాలుగు చిల్లులు పెట్టిన అట్టపెట్టెలోనో పెట్టండి. మోసేది మీరే అయితే రెండు రెక్కలూ ఒంటికి అదిమి చంకలో పెట్టుకోండి, కిమ్మనకుండా వస్తుంది.

మీవారి సెంటరుకి వద్దాం. కళ్లముందు కోసిందే మంచిదన్న మాటలో బలం ఉంది, అయితే ఆయన చూస్తున్నది త్రాసు ముల్లు. ఈసారి కోడిని పట్టించి దాని కాళ్లు చూడమనండి. అరికాలి మెత్తలో నల్లటి పుండ్లు, మోకీలు లాంటి మడమ దగ్గర గోధుమ రంగు మచ్చలు ఉంటే, షెడ్డులో ఊక తడిసి, రెట్టలో అమోనియా ఊరి, ఆ తడిలోనే రోజుల తరబడి కూర్చుందని అర్థం. రొమ్ము మీద ఈకలు ఊడి చర్మం ఎర్రబడి ఉంటుంది. ఏ కంపెనీ లేబులూ చెప్పని చరిత్ర అది, కోడి ఒంటి మీదే ఉంటుంది. చర్మం తీశాక కూడా కనబడే గుర్తొకటుంది. రెక్క కీలు దగ్గరో తొడ మీదో నెత్తురు గడ్డకట్టి ఊదారంగు మచ్చ ఉంటే, ప్రాణం ఉండగా తగిలిన దెబ్బ అది. చచ్చాక ఎముక విరిగితే అలా నెత్తురు చిమ్మి గడ్డకట్టదు. వారం వారం అవే మచ్చలు కనిపిస్తే ఆ దుకాణానికి వచ్చే కోళ్లని ఎక్కడో రెక్క పట్టి విసురుతున్నారని తెలుసుకోండి.

కోసే తీరు సంగతి. చాలాచోట్ల గొంతు మీద సగం గాటు పెట్టి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పడేసి మూతవేస్తారు. లోపల దబదబా కొట్టుకుంటుంటే ఈలోగా ఇంకో బేరం చూసుకుంటాడు. పక్కనే క్రేటులో ఉన్నవి అదంతా చూస్తుంటాయి, వింటుంటాయి. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రేకుతో చేసిన గరాటు లాంటి కోన్ ఉంటుంది, అందులో తల కిందికి వచ్చేలా కోడిని పెడితే రెక్కలు కొట్టుకోవడానికి వీలుండదు. పదునైన కత్తితో ఒకే వేటుకి రెండు వైపుల రక్తనాళాలూ తెగాలి, కదలిక పూర్తిగా ఆగాకే తోలు మీద చెయ్యి వెయ్యాలి. క్రేట్ల ముందు ఒక గోనెపట్టా వేలాడదీస్తే మిగతావాటికి కనిపించదు. నేను ఉద్యోగంలో ఉండగా ఇవి చెబితే నవ్వినవాళ్లే ఎక్కువ. కానీ నెల నెలా కొనే ఇల్లాలు అడిగితే వినే దుకాణదారులూ ఉన్నారు. సర్కారు మనిషి చెప్పిందాని కన్నా ఖాతాదారు చెప్పింది వాళ్లకి బాగా ఎక్కుతుంది. దుకాణంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం గోడకి ఉందేమో కూడా చూడండి. రోజుకి 50 కోళ్ల దాకా కోసేచోట రిజిస్ట్రేషన్ చాలు, ఆ పైన లైసెన్సు ఉండాలి.

మేక మాంసం గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. 2001 కబేళా నిబంధనల ప్రకారం ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కొయ్యకూడదు. మన దగ్గర కోసిన మేక వేలాడుతున్న కొక్కెం కిందే తరవాతి మేకని కట్టేస్తారు. దయ సంగతి పక్కనపెట్టినా, బెదిరి అలసిపోయిన మేక కండలో ఉండాల్సిన చక్కెర సత్తువ కరిగిపోతుంది. కోశాక మాంసం పులవాల్సినంత పులవదు, నల్లగా జిగటగా మారి తొందరగా పాడవుతుంది. ముదురు రంగు చూసి 'లేత మేక' అనే కసాయి మాట వినకండి.

చట్టం ఏం చేస్తుందని మీ అమ్మాయి అడుగుతుంది, ఆ వయసు పిల్లలు అడుగుతారు. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. బాధ కలిగేలా మోసుకెళ్లడం, కదలడానికి చోటులేని బోనులో పెట్టడం రెండూ 11వ సెక్షన్ కింద నేరాలే. రవాణా నిబంధనల్లో 2001లో కోళ్ల కోసం ప్రత్యేకంగా ఒక భాగం చేర్చారు: ఎండ, వాన తగలకుండా సరైన పెట్టెల్లోనే తీసుకెళ్లాలి. అయితే 11వ సెక్షన్‌లో మొదటి తప్పుకి రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా! బైకు మీద పది కోళ్లు వేలాడదీసుకుపోయేవాడికి అది టీ ఖర్చు. పాకెట్ మీద అబద్ధం రాస్తే మాత్రం పని జరిగే దారుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 1800 112 100, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. గడ్డకట్టిన కోడి మీద 'ఫ్రెష్' ఎందుకు రాశారని ఫొటో తీసి పంపమనండి. మీతో వాదించడం కన్నా ఆ అమ్మాయి కోపానికి అదే మంచి దారి.

కొనే రోజు గురించి కూడా ఆలోచించండి. మన పొరుగు ఒడియా ఇళ్లలో కార్తీకం పున్నమితో అయిపోతుంది. పంచుక అని ఆ నెల చివరి ఐదు రోజులూ నీసు ముట్టనివాళ్లంతా మర్నాడు ఛాడఖాయ్ అని దుకాణాల మీద పడతారు. ఆ ఒక్క రోజు బేరం కోసం ముందు నుంచే క్రేట్లలో కోళ్లని కుక్కి కుక్కి నింపుతారు, నీళ్లు పెట్టే తీరిక ఎవడికీ ఉండదు, ధర కూడా ఆకాశంలో ఉంటుంది. మన లెక్క ప్రకారం కార్తీకం అమావాస్య దాకా ఉంది కాబట్టి మీ అత్తగారు ఎలాగూ ఒప్పుకోరు. (పక్కింటి నుంచి మసాలా వాసన వచ్చాక మీవారు ఎన్నాళ్లు ఆగుతారన్నది నాకు సంబంధం లేని విషయం.) ఎండాకాలంలో మధ్యాహ్నం పూట కొనకండి, పొద్దున్నే దింపిన కోళ్లు కొనండి. ముందురోజే ఫలానా బరువు కావాలని చెప్పిపెడితే దుకాణంవాడు అక్కరకు మించి తెచ్చి ఉంచడు.

కాబట్టి రెట్టింపు ధర పెట్టి ఆ పాకెట్ కొనమని నేను చెప్పను. ఆ మిగిలే డబ్బుతో, దొరికితే, బయటి సంస్థ తనిఖీ చేసిన కేజ్ ఫ్రీ గుడ్లు కొనండి. పెట్టిన ఖర్చుకి కోడికి ఎక్కువ సుఖం దక్కేది అక్కడే. మాంసానికి సెంటరుకే వెళ్లండి. ఒకసారి మీవారితో పాటు అమ్మాయిని కూడా తీసుకెళ్లి, ముగ్గురూ కలిసి కోడి కాళ్లు చూడండి. అమ్మాయి చూడలేనంటే, తిననంటే బలవంతపెట్టకండి. పప్పు ఉంది, కూరలున్నాయి.

పెరట్లో పెంచడమంటారా, మీ అత్తగారి ఆలోచన నాకు నచ్చింది. గుడ్లు ముఖ్యమైతే గ్రామప్రియ, ఒళ్లు ముఖ్యమైతే వనరాజా తీసుకోండి. పిల్లలు తెచ్చిన మొదటి వారంలోనే కొక్కెర తెగులుకి కంట్లో చుక్కల టీకా వేయించాలి, రెండు నెలలప్పుడు మళ్లీ సూది టీకా. మీ దగ్గర్లోని ఎల్.ఐ. సెంటర్లోనో పశువుల ఆసుపత్రిలోనో అడిగితే చెబుతారు. టీకా లేకుండా పెంచితే ఒక్క తెగులుకి గంపంతా ఖాళీ అవుతుంది. రాత్రికి ముంగిస, పిల్లి దూరకుండా జాలీ తలుపున్న గూడు, కూర్చోవడానికి అడ్డంగా ఒక కర్ర, పొర్లడానికి ఇంత బూడిద చాలు. అన్నిటికన్నా ముందు ఒక సంగతి ఇంట్లో తేల్చుకోండి: రేపు వాటిని కోసేదెవరు? మీ అమ్మాయి సెలవులకొచ్చి వాటికి పేర్లు పెట్టిందంటే మీవారు కత్తి తియ్యలేరు. అందుకే పుంజుల్ని పిల్లలప్పుడే ఎవరికైనా ఇచ్చేసి, నాలుగు పెట్టల్ని గుడ్ల కోసమే ఉంచుకోండి.